పలక రెండో చివర

ఇంటి నుంచి, కిటికీ గది

బావా,

ఫోన్ చేస్తే రెండో మాటకే "సైటులో ఉన్నా" అని కట్ చేస్తున్నావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. చించెయ్యగలవనుకో. కానీ చించే ముందు చదువుతావు. సిమెంటు బస్తా మీద అచ్చేసినది కూడా వదలకుండా చదివే మనిషివి నువ్వు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఎముక విరగలేదట. హమ్మయ్య అన్నాను. "విరిగినా బాగుండేది, అతుక్కునేది" అన్నాడాయన. బొటనవేలు పాదంలో కలిసేచోట, అరికాలి వైపు, కీలు కింద ఒక మందపాటి పట్టీ ఉంటుందట. లిగమెంటు అన్నాడు. మునివేళ్ళ మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా మోసేది అదేనట. వేలు వెనక్కి విరుచుకుపోవడంతో నా ఎడమకాలిది సగానికి పైగా తెగింది. తొందరగా ఆపరేషన్ చేసి కుడితే మళ్ళీ మునివేళ్ళ మీద కూర్చోవచ్చు. ఆలస్యమైతే వేలు పైకి లేచి అలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు నడవగలను గాని పనికి కూర్చోలేను. టైల్స్ మేస్త్రి కూర్చోలేకపోతే ఇంకేం మేస్త్రి, బావా.

ఇంకో సంగతి విను, నీకు నవ్వొస్తుంది. "ఇది ఎక్కువగా ఫుట్‌బాల్ ఆటగాళ్ళకి తగిలే దెబ్బ, మీరు ముందు వరసలో ఆడతారా, వెనకా?" అని అడిగాడు. మన అబద్ధం అంత చక్కగా అతికింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క బంతిని తన్నిన పాపాన పోలేదు. పక్కింటి ముసలాయనకి కూడా తెలిసిపోయి, మెట్ల మీద ఎదురైతే చాలు "ఏమయ్యా ఆటగాడా" అంటున్నాడు.

అసలు సంగతికి వస్తాను. పనిలో తగిలిన దెబ్బయితే కంపెనీ ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ చేస్తారు. ఆటలో తగిలిందంటే పెద్దాసుపత్రి వరసలో నిలబడాలి. ఆ వరస కదిలేసరికి నా వేలు కర్రయిపోతుంది. కాబట్టి నువ్వు సూపర్‌వైజర్‌కి నిజం చెప్పాలి. బ్యాంకు వరండాలో పెద్ద టైలు పలక దించుతున్నాం, ఒక చివర నువ్వు, రెండో చివర నేను, పలక జారింది, నా వేలు మడత పడింది. అంతే కదా. ఆయన వచ్చేలోపు పగిలిన మూలని నువ్వే కోసి, అది కౌంటరు కిందికి పోయేలా సర్దేశావు. ఆయన నా కాలు చూడగానే "నిన్న సాయంత్రం ఫుట్‌బాల్ ఆడాడండీ" అన్నదీ నువ్వే. నా వంక చూశావు, నేను తలూపాను. పలక పడేసిన జోడీకి పై ఊళ్ళో ఆ హోటల్ హాలు పని ఇవ్వరని నాకూ తెలుసు కాబట్టే ఊపాను. ఇప్పుడు ఆ పని నీ చేతికి వచ్చేసింది. ఇక చెప్పడానికి అడ్డమేముంది?

అక్క బాగానే ఉంది. లాండ్రీలో పొద్దంతా నిలబడి ఇస్త్రీ చేసి వచ్చి, నా పక్కన కాళ్ళు చాపుకుని, "ఇంట్లో ఇద్దరు మహారాజులం తయారయ్యాం" అంటోంది.

నీ జోడీ,
పిచ్చుక

*

హోటల్ సైటు, మూడో అంతస్తు

ఒరేయ్ పిచ్చుకా,

ఉత్తరం అందింది. ఇక్కడ వేరే కాగితం దొరక్క, పెట్టెల్లో పలకకీ పలకకీ మధ్య పెట్టే దళసరి కాగితం మీద రాస్తున్నాను. చేతికి గరుగ్గా తగిలితే తిట్టుకోకు.

గోరంతని కొండంత చేయడం డాక్టర్ల పని. వాళ్ళ మాట వింటూ కూర్చుంటే మన వృత్తిలో ఒక్కడూ మిగలడు. మా పెద్ద మేస్త్రికి చేతివేలు తెగితే గుడ్డ చుట్టుకుని హాలు పూర్తిచేసి మరీ ఇంటికెళ్ళాడు. నీకు కాలివేలు వాచింది. వాపు తగ్గుతుంది. ఉప్పేసిన వేడినీళ్ళలో పెట్టుకో.

నిన్ను పనిలోకి తెచ్చిన రోజు గుర్తుందా? వస్తూనే మోకాలు నేలకి ఆనించి కూర్చున్నావు. "మోకాళ్ళ మీద పడటానికి ఇదేం ప్రార్థనా? లే" అని పెద్ద మేస్త్రి అరిచాడు. మోకాలు ఆనితే అప్పుడే పరిచిన పలక కదులుతుంది. మునివేళ్ళ మీద కూర్చున్నవాడు ఎప్పుడంటే అప్పుడు లేవగలడు, వెనక్కి గెంతగలడు. మన బృందంలో మోకాలు ఆనించిన మగాడు లేడు. మధ్యాహ్నం అయ్యేసరికి నువ్వు గెంతుతూ పని చేస్తుంటే ముచ్చటేసి నేనే పిచ్చుక అని పేరు పెట్టాను. ఆ పిచ్చుక ఇవాళ వేలో వేలో అని ఏడుస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

సూపర్‌వైజర్‌కి చెప్తాను. చెప్పనని ఎవరన్నారు? హాలు సగంలో ఉంది. ఇప్పుడు కదిపితే నీకూ దక్కదు, నాకూ దక్కదు. కాస్త ఓపిక పట్టు. నువ్వు వచ్చేసరికి మేడమీది గదుల పని మొదలవుతుంది. నీ చివర నీకోసం ఖాళీగానే ఉంటుంది.

మీ అక్కని అడిగానని చెప్పు.

నీ బావ

*

ఇంటి నుంచి, కిటికీ గది

బావా,

ఉప్పునీళ్ళు అయ్యాయి. పట్టీలు అయ్యాయి. వాపు తగ్గింది, నీ మాటే నిజం. ఆ వాపుతో పాటు వేలికి ఉన్న బలం కూడా పోయింది. నిలబడితే మిగతా నాలుగు వేళ్ళూ నేలని తాకుతున్నాయి, బొటనవేలు మాత్రం మనకేం సంబంధం లేదన్నట్టు పైకి చూస్తోంది. అడుగు వేస్తే అరికాలి కింద గులకరాయి ఉన్నట్టు ఉంటుంది. మొదట్లో బూటు విప్పి దులిపేవాణ్ణి.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ఆవిడ ఒక పరీక్ష పెట్టింది. వేలి కింద చీటీ పెట్టి, నొక్కిపట్టుకో అంది. తర్వాత ఆ చీటీ మెల్లగా లాగింది. వేలు గట్టిదైతే చీటీ చిరగాలట, రాకూడదట. నాది వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. ఇంటికొచ్చాక నీ ఉత్తరం వేలి కింద పెట్టుకుని అక్కని లాగమన్నాను. అంత గరుకు కాగితం కూడా ఆగలేదు. "రోజూ ఇలా చేద్దాం, ఆయన ఉత్తరం చిరిగిన రోజు నీకు నయమైనట్టు" అంది అక్క. నవ్వించాలనే అంది పాపం.

వేలు అసలు వంగకుండా బూటులో గట్టి రేకులాంటిది వేసుకోమంది ఆవిడ. అది ఇంకా దొరకలేదు. డాక్టరు మాత్రం, ఇంకా ఆలస్యం చేస్తే కుట్టినా లాభం ఉండదన్నాడు.

నిన్న ప్లంబరు వచ్చాడు, మన బ్యాంకు పనిలో పైపులు వేసినాయన. నీ హోటల్లోనే చేస్తున్నాడట ఇప్పుడు. పరామర్శకని వచ్చి రెండు ముక్కలు చెప్పి వెళ్ళాడు. ఒకటి, నీకు కొత్త జోడీ కుదిరాడట. నెమ్మదస్తుడు, ఇద్దరు పిల్లల తండ్రి అట. నా చివర ఖాళీగా ఉందన్నావు కదా. రెండోది నేను నమ్మలేదు. నువ్వు మోకాళ్ళకి దిండ్లు కట్టుకుని, నేలకి ఆనించి పని చేస్తున్నావట. మగాడన్నవాడు మోకాలు ఆనించడన్న మనిషివి. నాకు ఒక నీతి, నీకు ఒక నీతా?

సూపర్‌వైజర్ సంగతి అడిగితే హాలు అంటావు. హాలు సంగతి అడిగితే మేడమీది గదులు అంటావు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి. ఇక్కడ తెగింది నిజంగానే వేలు, బావా. చెప్పు, ఎప్పుడు చెప్తావు?

నీ బావమరిది

*

హోటల్ సైటు

బావమరిదికి,

ఆ ప్లంబరు కారే పైపు కట్టలేడు గాని కబుర్లు మాత్రం బాగా మోస్తాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో. మోకాళ్ళ దిండ్లు ఇక్కడి వాళ్ళ రూలు. కట్టుకోకపోతే లోపలికి రానివ్వరు. జోడీ సంగతంటావా, ఆ పలకలు ఒక్కడు ఎత్తగలిగేవా? నువ్వు కాళ్ళు చాపుకుని కిటికీలోంచి వీధి చూస్తుంటే నేను హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడాలా?

ఇన్నాళ్ళూ నీ మనసు కష్టపెట్టకూడదని అనలేదు. అడిగావు కాబట్టి అంటున్నాను. పలక నీ వైపు నుంచే జారింది. నీ చేతులు తడిగా ఉన్నాయి, నేను చూశాను. పని పోతుందని నిన్ను వెనకేసుకొచ్చి ఫుట్‌బాల్ అన్నాను. ఇప్పుడు సూపర్‌వైజర్‌కి నిజం చెప్పమంటున్నావు. నిజం చెబితే ముందు నీ పేరే చెడుతుంది. పలక వదిలేసిన వాడిని రేపు ఎవడు పిలుస్తాడు?

ఇంకో మాట. నువ్వు కూర్చుని ఉత్తరాలు రాస్తున్న కిటికీ గది ఎవరి పనితో నడుస్తోందో ఒక్కసారి ఆలోచించుకో. నేను ఇక్కడ కదిలితే అక్కడ మీ అక్క ఇల్లే కదులుతుంది.

బావ

*

ఇంటి నుంచి

బావా,

నీ ఉత్తరం వచ్చాక రెండు వారాలు నేనే పలక వదిలేశానని నమ్మాను. అన్నం తింటూ నా చేతులు చూసుకునేవాణ్ణి. తడిగా ఉన్నాయేమో, నాకు గుర్తులేదేమో అనుకునేవాణ్ణి. అక్క ఏమైందని అడిగితే నొప్పి అన్నాను. నువ్వు చెప్తే నమ్మడం నాకు అలవాటు. పదహారేళ్ళప్పుడు తాపీ పట్టుకోవడం నేర్పిన చెయ్యి నీది.

చలి మొదలైంది. నా బూటులో ఈ పాదం పట్టడం లేదు. "మీ బావ పాత బూట్లు ఒక సైజు పెద్దవి, వేసుకో" అని అక్క మంచం కింద నుంచి తీసి ఇచ్చింది. బ్యాంకు పని దాకా నువ్వు వేసుకున్నవే, సిమెంటు పాలు ఎండి తెల్లబడ్డవి. కుడికాలు పెట్టాను, మామూలుగా ఉంది. ఎడమకాలు పెట్టాను. అడుగు వేస్తే వేలు వంగలేదు. ఎన్ని వారాలకో మొదటిసారి నొప్పి లేకుండా అడుగు పడింది, బావా. ఒక్క క్షణం సంతోషించాను కూడా.

అప్పుడు లోపలి అట్ట పైకెత్తి చూశాను. కింద ఉక్కు రేకు ఉంది. సిమెంటు గీసే పాత పళ్ళ తాపీని పాదం ఆకారంలో కోసి, అంచులు గుచ్చుకోకుండా నున్నగా సానబెట్టి పెట్టావు. నీ పనితనం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. వేలి కింద భాగం అరిగి మెరుస్తోంది. అది ఒక నెలలో రెండు నెలల్లో వచ్చే మెరుపు కాదు.

అక్కని అడిగాను. "ఎడమకాలు పొద్దున్నే పట్టేస్తుందనేవాడుగా. లేవగానే స్నానాల గది దాకా మడమల మీద నడిచేవాడు. చలికి నరం పట్టింది, నువ్వు ఎవరికీ చెప్పకు అన్నాడు" అంది. ఎన్నాళ్ళుగా అన్నాను. నువ్వు బ్యాంకు పని ఒప్పుకోవడానికి చాలా ముందు నుంచట.

ఇప్పుడు నాకు వరండా మొత్తం గుర్తొచ్చింది. ఇద్దరం మునివేళ్ళ మీద కూర్చుని దించుతున్నాం. నీ మొహం ఒక్కసారి ముడుచుకుంది. నీ చివర ముందు నేలకి కొట్టుకుంది. పలక నన్ను ముందుకి లాగింది. నేను వదల్లేదు. వదిలి ఉంటే నా వేలు బతికేది. పగిలిన మూల ఎవరి వైపుదో నీకు తెలుసు, కోసి దాచింది నువ్వే. చేతులు తడి అని ఎలా రాయగలిగావు? నాకు నీమీద ఎంత కోపంగా ఉందంటే ఈ కలం కాగితాన్ని చీలుస్తోంది. మోకాళ్ళ దిండ్లు హోటల్ వాళ్ళ రూలు అన్నావు. నీ వేళ్ళు ఇక మోయలేక కట్టుకున్నావు.

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. "ఒరేయ్, నా కాలు బాగాలేదు" అని. నీ బరువు కూడా నేనే చూసుకునేవాణ్ణి, లేకపోతే మూడో మనిషిని పిలిచేవాళ్ళం. నాకు చెప్పడానికి సిగ్గేసిందా? మగాడు మోకాలు ఆనించడని నాకు నేర్పి, నీ వేలు తెగిందని నాకు ఎలా చెప్తావులే.

ఇంకా సమయం ఉందంటున్నాడు డాక్టరు, కొంచెమే. సూపర్‌వైజర్‌కి చెప్పు. నీ వైపు జారిందని కూడా చెప్పక్కర్లేదు. పనిలో తగిలింది అని చెప్పు చాలు.

పిచ్చుక

*

హోటల్ సైటు

ఒరేయ్,

ఆ బూట్లు పారేయి.

చెప్పలేను. పనిలో తగిలిందంటే ఎలా తగిలిందని అడుగుతారు. అడిగితే రెండు చివరలా చూస్తారు, నా కాలు కూడా చూస్తారు. చూస్తే ఇద్దరం ఆ కిటికీ దగ్గరే కూర్చోవాలి. ఒక్కడైనా పనిలో ఉండాలి కదా, నువ్వే చెప్పు. నీది చిన్న వయసు, నీ కాలు ఎలాగో సర్దుకుంటుంది. నాకు ఈ పని తప్ప ఇంకేదీ రాదు.

నీకు నేను ఏదో ఒకటి చూస్తాను. పలకల మధ్య సందులు నింపే పని ఇప్పిస్తాను. అది చిన్న పీట మీద కూర్చుని చేసుకోవచ్చు.

మీ అక్కకి చెప్పకు. నీకు దండం పెడతాను.

బావ

*

ఇంటి నుంచి

బావగారికి,

పెద్దాసుపత్రి వరస ఎట్టకేలకు నా దాకా వచ్చింది. డాక్టరు నా వేలు పట్టుకుని అటూ ఇటూ కదపబోయాడు, అది కదల్లేదు. కుట్టడానికి ఏమీ మిగల్లేదన్నాడు. మెట్లు ఎక్కుతాను, దిగుతాను, బస్సు వెనక పరిగెత్తను. మునివేళ్ళ మీద ఇక ఎప్పటికీ కూర్చోను. ఇంటికి వచ్చి ఏడ్చాను. మీరు సిగ్గుపడతారని తెలిసే రాస్తున్నాను.

టైల్స్ అమ్మే దుకాణంలో చేరాను. నిలబడి నమూనాలు చూపించే పని. కొనేవాళ్ళు చేత్తో నిమిరి, "ఇంత పెద్ద పలక వేయడం కష్టమా?" అని అడుగుతారు. ఇద్దరుండాలండీ, ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండాలి అని చెప్తున్నాను. సందులు నింపే పని ఇంకెవరికైనా ఇప్పించండి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. తగలేసి, ఆ బొగ్గులు తెప్పకే దానం చేసే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.

అక్కకి చెప్పాను. మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టాను. అన్నీ చదివింది. ఉతికిన మీ చొక్కా ఒకటి ఒళ్ళో ఉంటే దాన్నే మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. నా గురించో, మీ గురించో ఏదైనా అంటుందని ఎదురుచూశాను. చివరికి "ఆ కొత్తతనికి ఈ సంగతి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "వాళ్ళింట్లోనూ ఇలా ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు" అంది.

మీ పని పోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో మాకు తెలుసు. దాని గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. కిటికీ గది అద్దెకిచ్చి నేను హాల్లో పడుకుంటాను. కాబట్టి ఆ బెదిరింపు ఇక వద్దు.

బూట్లు ఈ పొట్లంలో పంపిస్తున్నాను, పారేయడానికి మనసొప్పలేదు. రేకు మాత్రం నేను ఉంచుకున్నాను. నాకు అది ఇక జీవితాంతం కావాలి. మీరు ఇంకొకటి కోసుకోగలరు, చెయ్యి తిరిగినవారు.

ఒక్కటి చేయండి. ఈ కాగితం మడిచి మీ ఎడమకాలి బొటనవేలి కింద పెట్టుకోండి. గట్టిగా నొక్కిపట్టండి. మీ కొత్త జోడీని పిలిచి, లాగమనండి. కాగితం వచ్చేస్తే అతను కళ్ళారా చూస్తాడు. రేపు పలక రెండో చివర పట్టుకునేది అతనే కదా.

మీరు ఆ పని చేయరని నాకు తెలుసు. అందుకే జరిగినదంతా అతనికి కూడా ఒక ఉత్తరం రాశాను. ఇది పొట్లంలో మెల్లగా వస్తుంది, అది నాలుగు రోజుల ముందే బయల్దేరింది. ఈపాటికి చదివే ఉంటాడు.

దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చింది అక్కే.

మా అక్క తమ్ముడు